క్షమించినవారు బాకీ అడగకూడదా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో నమ్మినవారి చేతిలో మోసపోయినవారు రాసినవే ఎక్కువగా ఉన్నాయి. మొదటి ఉత్తరంలోని సంగతి మన సంఘాలలో చాలాచోట్ల జరుగుతున్నదే గనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాము. రాసినవారి పేర్లు, ఊళ్లు తీసివేశాము.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. చిన్ననాడు నాతో సండేస్కూలుకు వచ్చిన స్నేహితురాలు ఇప్పటికీ మా సంఘంలోనే ఉంది. స్త్రీల సమాజంలో ఇద్దరమూ కలిసి పనిచేశాము. నా రెండు కాన్పులకూ ఆసుపత్రిలో తోడున్నది ఆమే. నాలుగేళ్ల క్రితం ఆమె ఒక చిట్‌ఫండు కంపెనీలో చీటీ పాడుకుంది. డబ్బు చేతికి రావాలంటే ప్రభుత్వోద్యోగి షూరిటీ కావాలన్నారని నన్ను సంతకం అడిగితే, మావారు వద్దంటున్నా వినకుండా పెట్టాను. కొన్ని నెలలు వాయిదాలు కట్టి మానేశారు. కంపెనీవారు కేసు వేసి నా జీతం మీద అటాచ్‌మెంటు తెచ్చారు. అడిగినప్పుడల్లా "వచ్చే నెల సర్దుతాం వదినా" అనేవారు. నేను సంతకం పెట్టడానికి ముందే వాళ్లు తమ ఇంటిస్థలాన్ని కొడుకు పేరుకు మార్చేశారని తరువాత తెలిసింది. మొన్న ఆ స్థలంలోనే ఇల్లు కట్టుకొని గృహప్రతిష్ఠ కూడిక పెట్టుకున్నారు. దేవుడు తమ అప్పులన్నీ తీర్చాడని ఆమె అక్కడ నిలబడి సాక్ష్యం చెప్పిందట. ఆ నెల కూడా నా జీతంలో కోత పడింది.

మా పాస్టరుగారు మమ్మల్ని పిలిపించి, క్షమించనివారిని దేవుడు క్షమించడని వాక్యం చూపించి, నాచేత "క్షమించాను" అనిపించి, ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థన చేశారు. ఇప్పుడు బాకీ మాట ఎత్తితే "క్షమించానన్నావు కదా" అంటున్నారు. మనసులో కక్ష పెట్టుకొని ప్రభురాత్రి భోజనపు బల్ల తీసుకోవద్దని కూడా అన్నారు. ఆమెను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నేను చెప్పిన క్షమాపణ అబద్ధమేనా? డబ్బు అడగడం పాపమా? నేను బల్ల తీసుకోవచ్చునా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివినవారికి మీ పాస్టరుగారి మీద కోపం రావడం సహజం. అయితే ఆయన చూపించిన వాక్యం నిజమే, దానిని నేను పలచన చేయలేను. పరలోక ప్రార్థన ముగిసిన వెంటనే, మత్తయి 6వ అధ్యాయం 14, 15 వచనాలలో, మనుష్యుల అపరాధాలను మీరు క్షమించకపోతే మీ తండ్రి కూడా మీ అపరాధాలను క్షమించడని ప్రభువు తేటగా చెప్పాడు. ఆ ప్రార్థనలోని ఇన్ని మనవులలో ఆయన మళ్లీ వెనక్కి వెళ్లి వివరించినది ఇదొక్కటే. కాబట్టి మీకు జరిగినది ఎంత అన్యాయమైనా క్షమించవలసిన బాధ్యత మీ మీద ఉంది. ఏది క్షమాపణ, ఏది కాదు అన్నచోటనే మీ సంఘంలో పొరపాటు జరిగింది.

మత్తయి 18వ అధ్యాయాన్ని మన సంఘాలలో సాధారణంగా 21వ వచనం నుంచి, అంటే "ఎన్నిసార్లు క్షమించాలి" అని పేతురు అడిగిన దగ్గరనుంచి చదువుతారు. అది 15వ వచనం నుంచి చదవవలసిన భాగం. నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేస్తే నీవు వెళ్లి, ఒంటరిగా ఉన్నప్పుడు అతనిని గద్దించు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పు అని ప్రభువు వరుసగా చెప్పాడు. తప్పును తప్పు అని పేరుపెట్టి, చేసినవారి ముఖాన చెప్పి, అవసరమైతే సాక్షుల ఎదుట రుజువు చేయడం ఇందులో ఉంది. ఆ తరువాతనే డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించే సంగతి వస్తుంది. మీ విషయంలో జరిగినదేమిటంటే, మొదటి మూడు మెట్లూ ఎక్కకుండానే పాస్టరుగారు నాలుగో మెట్టు మీద ఇద్దరి చేతులూ కలిపారు. స్థలం ఎప్పుడు ఎవరి పేరుకు మారిందని ఆ గదిలో ఆమెను ఒక్కరైనా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. దెబ్బ తిన్నవారిని తొందరపెట్టడం, దెబ్బ కొట్టినవారిని నిలదీయడం కంటే సులువు. పెద్దలు చాలామంది సమాధానం పేరుతో ఈ సులువైన దారినే పడుతున్నారని చెప్పడానికి నాకు బాధగా ఉంది.

ఆ అధ్యాయంలోని ఉపమానాన్ని కూడా ఒకసారి నెమ్మదిగా చదవండి. "తన దాసులయొద్ద లెక్క చూచుకొనగోరిన యొక రాజు" అని అది మొదలవుతుంది. రాజు మొదట లెక్క చూశాడు. ఒక దాసుని బాకీ పదివేల తలాంతులు అని తేలింది. తేలిన తరువాత విడిచిపెట్టాడు. ఎంత బాకీయో చూడకుండా, పోనీలే అని పుస్తకం మూసేయలేదు. అలా విడుదల పొందినవానికి అతని తోటి దాసుడు అచ్చియున్న నూరు దేనారాలు కూడా మనం అనుకునేంత చిల్లర కాదు. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలివానికి దినానికి ఒక దేనారము చొప్పున ఒడంబడిక జరిగింది గనుక, నూరు దేనారాలంటే కూలిచేసుకునే మనిషికి నూరు దినాల సంపాదన. దేవునికి మనం అచ్చియున్నదానితో పోల్చినప్పుడు అది చిన్నదని ప్రభువు చెప్పాడు గాని, పోయినవానికి అది నష్టమే కాదని చెప్పలేదు.

అందుచేత మీరు ఒక కాగితం తీసుకొని, మీ జీతంలోంచి ఏ నెల ఎంత కోత పడిందో రాయండి. ఆ డబ్బు లేక మీ పిల్లల విషయంలో ఆగిపోయినదేమిటో రాయండి. సంతకం వద్దన్న మీవారి ఎదుట మీరు తలవంచుకున్న రోజులను కూడా రాయండి. అది రూపాయలలో తేలదు, అయినా నష్టమే. ఆసుపత్రిలో మీ పక్కన కూర్చున్న మనిషి, స్థలం ముందే మార్చివేసి మీ దగ్గరకు సంతకానికి వచ్చిందన్న సంగతి అన్నిటికంటె పెద్ద పద్దు. 55వ కీర్తనలో దావీదు, నన్ను దూషించినది శత్రువైతే సహించేవాణ్ణి, నాతో కూడి దేవుని మందిరానికి నడిచిన చెలికాడవు నీవే ఈ పని చేశావు అని మొరపెట్టినది ఇటువంటి పద్దును గురించే. మీరు క్షమించవలసినది ఆ కాగితం మీద ఉన్నదంతా. దానిని చూడకుండా పెదవులతో పలికించిన మాటను మీరు అబద్ధం అనుకుంటున్నారు. అబద్ధమని నేను అనను. అది ఇంకా మొదలుకాలేదని మాత్రం చెబుతాను.

క్షమించడమంటే ఏమి వదులుకోవడం? రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో పౌలు, "మీకు మీరే పగతీర్చుకొనక, దేవుని ఉగ్రతకు చోటియ్యుడి" అన్నాడు. పగ తీర్చే హక్కును మన చేతిలోంచి తీసి దేవుని చేతిలో పెట్టడమే క్షమాపణలోని అసలు క్రియ. ఆమె కొత్త ఇల్లు కూలిపోవాలని, ఆమె పిల్లలకు కీడు జరగాలని కోరుకోవడం మానుకోవాలి. ఎవరు కనబడితే వారికి ఆమె మోసాన్ని చెప్పుకొని తృప్తిపడడం మానుకోవాలి. వీలు చిక్కినప్పుడు దెబ్బకు దెబ్బ తీయాలనే ఆలోచనను మానుకోవాలి. ఈ మూడూ కష్టమైనవే. పాస్టరుగారు మిమ్మల్ని అడగవలసినవి ఇవి. ఇవి అడగకుండా బాకీని వదులుకోమన్నారు. అది ఆయన అడగదగినది కాదు, ఎందుకంటే ఆ బాకీ ఆయనకు రావలసినది కాదు.

నమ్మకం సంగతి ఇంకా వేరు. పౌలు చివరిదిగా చెప్పుకొనే పత్రిక, తిమోతికి రాసిన రెండవది, దాని 4వ అధ్యాయం తెరవండి. రోమాలో బంధకాలలో ఉన్న మనిషి తనను విడిచినవారినీ బాధపెట్టినవారినీ ఒక్క పేజీలో తలచుకున్నాడు. దేమా ఇహలోకాన్ని స్నేహించి వెళ్లిపోయాడని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాడు. విచారణలో తాను మొదట సమాధానం చెప్పుకొన్నప్పుడు ఎవరూ తన పక్షాన నిలువలేదు, అందరూ విడిచిపోయారు అని చెప్పి, "ఇది వారికి నేరముగా ఎంచబడకుండును గాక" అని ప్రార్థించాడు. దానికి రెండు వచనాల ముందే, అలెక్సంద్రు అనే కంచరివాడు తనకు చాలా కీడు చేశాడనీ, అతని క్రియల చొప్పున ప్రభువే ప్రతిఫలమిస్తాడనీ రాసి, తిమోతిని కూడా "అతని విషయమై నీవును జాగ్రత్తగా ఉండుము" అని హెచ్చరించాడు. అదే అధ్యాయంలో మార్కును వెంటబెట్టుకొని రమ్మన్నాడు. ఈ మార్కు ఒకప్పుడు పంఫూలియలో పనిని విడిచి వెళ్లినవాడు. అతనిని మళ్లీ తీసుకువెళ్లే విషయంలో పౌలుకూ బర్నబాకూ తీవ్రమైన వాదం జరిగి విడిపోయారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతుంది. సంవత్సరాలు గడిచి, అతడు పనికివచ్చేవాడని రుజువైన తరువాత పౌలు అతని కోసం కబురు పెట్టాడు.

అలెక్సంద్రు మీద పౌలు పగ తీర్చుకోలేదు, అలాగని అతనిని నమ్మమని కూడా చెప్పలేదు. ప్రతిఫలం దేవునికి వదిలి, తిమోతికి జాగ్రత్త చెప్పాడు. మార్కును నమ్మడానికి సమయం తీసుకున్నాడు. క్షమాపణ మన వైపునుంచి ఒక్కరమే ఇవ్వగలిగినది. నమ్మకం అవతలివారు తిరిగి సంపాదించుకోవలసినది. ఆమెతో వందనాలు చెప్పుకోండి, ఎదురైతే ముఖం తిప్పుకోకండి. అయితే ఇంకెప్పుడూ ఆమె కాగితం మీద సంతకం పెట్టకండి, ఇంటి విషయాలు మునుపటిలా పంచుకోకండి. ఇందుకు మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు. సామెతల గ్రంథం 6వ అధ్యాయంలో చెలికాని కోసం పూటబడినవాడు, అంటే షూరిటీ ఉన్నవాడు, వేటకాని చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకోవాలని ఉంది. మన సంఘాలలో మాత్రం షూరిటీ సంతకాన్ని సహోదర ప్రేమకు పరీక్షలా అడుగుతున్నారు. ఉపాధ్యాయులు, ఇతర ప్రభుత్వోద్యోగులు ఉన్న ప్రతి సంఘంలోనూ ఈ సామెతల మీద ఒక ఆదివారం ప్రసంగం జరగడం మంచిదని నా అభిప్రాయం.

కడుపు మంట సంగతి. యోసేపును అన్నలు ఇరవై తులముల వెండికి అమ్మినప్పుడు అతనికి పదిహేడేళ్లు. ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పై. సమృద్ధిగల ఏడేళ్లు, కరవులో రెండేళ్లు గడిచిన తరువాతనే "నేను యోసేపును" అని వారితో చెప్పాడు. అంటే సుమారు ఇరవై రెండేళ్లు. అన్నలు మొదటిసారి ధాన్యానికి వచ్చినప్పుడు అతడు వారిని కౌగిలించుకోలేదు. కఠినంగా మాట్లాడాడు, షిమ్యోనును బంధించాడు, పక్కకు వెళ్లి ఏడ్చాడు. బెన్యామీను గోనెలో గిన్నె పెట్టించి, ఈసారి కూడా తమ్ముణ్ణి వదిలేసి పోతారా అని చూశాడు. తమ్మునికి బదులు నన్ను దాసునిగా ఉంచుకోమని యూదా, అంటే అమ్ముదామని ఆనాడు సలహా ఇచ్చిన ఆ యూదాయే, ముందుకు వచ్చినప్పుడు యోసేపు ఇక తన్ను తాను అణచుకోలేకపోయాడు. ఆ తరువాత యాకోబు ఐగుప్తులో పదిహేడేళ్లు బతికి చనిపోతే, యోసేపు ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమోనని అన్నలు భయపడి కబురు పంపారు. ఆ కబురు విని అతడు మళ్లీ ఏడ్చాడు. క్షమించిన మనిషికి కూడా పాత గాయం అన్నేళ్లకు కదిలింది. మీకు మంట ఉన్నంతమాత్రాన మీరు క్షమించలేదని అర్థం కాదు. మంట పుట్టినప్పుడు ఏమి చేస్తున్నారన్నది ముఖ్యం. శపిస్తున్నారా, లేక ఆ కాగితాన్ని దేవుని ఎదుట మళ్లీ ఒకసారి పెడుతున్నారా అని చూసుకోండి.

ఇక డబ్బు. అడగడం పాపం కాదు. లేవీయకాండము 6వ అధ్యాయంలో, పొరుగువానిని మోసగించి సొమ్ము దక్కించుకున్నవాడు మూలధనాన్నీ, దానికి అయిదో వంతు కలిపి సొత్తుదారునికి ఇచ్చి, ఆ తరువాత అపరాధపరిహారార్థబలి తీసుకురావాలని మోషే ధర్మశాస్త్రం నియమించింది. బాకీ ముందు, బలి తరువాత. గృహప్రతిష్ఠలో అప్పులు తీరాయన్న సాక్ష్యానికి ఆమేన్ చెప్పినవారికి ఈ వరుస తెలియాలి. మీరు ఒకరిద్దరు నమ్మకమైన పెద్దలను వెంటబెట్టుకొని ఆమె ఇంటికి వెళ్లి, కోత పడిన మొత్తం ఇంత అని చూపించి, నెలకు ఎంత ఇస్తారో తేదీలతో కాగితం మీద రాయించుకోండి. చెల్లించినప్పుడల్లా చెల్లు రాసి సంతకం పెట్టించండి. వారు నిజంగా ఇవ్వలేని స్థితిలో ఉంటే గడువు పెంచవచ్చు, కొంత వదులుకోవచ్చు కూడా. అది మీ ఇష్టంతో ఇచ్చే దానం కావాలి, ఒకరు మీ నోట పలికించినది కాకూడదు. ఫిలేమోను పత్రికలో పౌలు, నీ దాసుడైన ఒనేసిము నీకు ఏమైనా నష్టం చేసి ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అని తన చేతితో రాసి పూచీ ఇచ్చాడు గాని, నష్టాన్ని మరిచిపో అని ఫిలేమోనుకు చెప్పలేదు. సమాధానం కుదర్చాలనుకునే పాస్టరుగారు ఆ వచనం చదివి, సంఘనిధి నుంచి ఒక వాయిదా కట్టి చూపించవచ్చును.

వారు అప్పటికీ వినకపోతే కోర్టుకు వెళ్లవచ్చునా? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయాన్ని మీ మీద ప్రయోగిస్తారు, సిద్ధంగా ఉండండి. అక్కడ పౌలు, సహోదరుల మధ్య వ్యాజ్యెం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్ని సిగ్గుపరిచాడు. మీ సహోదరులకే అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు అని మోసగాళ్లను గద్దించాడు. "అన్యాయము సహింపరాదా" అన్న ఒక్క ముక్కను పట్టుకొని మిగిలిన రెండూ దాటవేయడం న్యాయం కాదు. సంఘం తీర్పు చెప్పడానికి నిరాకరించినప్పుడు, నష్టపోయినవారు దేశచట్టాన్ని ఆశ్రయిస్తే తప్పు పట్టే హక్కు ఆ సంఘానికి ఉండదు. పౌలు కూడా కైసరు ఎదుట చెప్పుకొంటానని తన పౌరహక్కును వాడుకున్నాడు. మన దేశంలోనే, 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామంలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు చిన్నకుమారులనూ వాహనంలో సజీవంగా తగులబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పి, బారిపదలో కుష్ఠురోగుల సేవను కొనసాగించారు. ఆమె క్షమించినందున న్యాయస్థానం కేసును మూసివేయలేదు; 2011లో సుప్రీంకోర్టు ముఖ్య నిందితుని యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. ఆ కుటుంబానికి జరిగినదానికీ మీ నష్టానికీ పోలిక లేదు. క్షమాపణ, చట్టం పక్కపక్కనే నడవగలవని చూపడానికే దీనిని చెప్పాను.

చట్టరీత్యా, షూరిటీగా మీరు చెల్లించిన సొమ్మును అసలు బాకీదారు నుంచి రాబట్టుకొనే హక్కు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం మీకు ఇచ్చింది. దానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. "క్షమించావు కదా" అంటూ కాలం గడిపేవారికి ఈ సంగతి తెలిసే ఉండవచ్చు. కాలదోషం పట్టకముందే మీ కోతల వివరాలు తీసుకొని ఒక న్యాయవాదిని కలవండి. కేసు వేసే రోజున, ఇది నా సొమ్ము కోసమా, ఆమె పరువు తీయడానికా అని ఒక్కసారి ప్రార్థనలో అడుగుకోండి. రెండవది అని తేలితే కొన్ని దినాలు ఆగండి.

బల్ల విషయంలో మీ పాస్టరుగారితో నేను ఏకీభవించలేను. అయోగ్యముగా బల్లలో పాలుపొందడం గురించి పౌలు రాసినది 1 కొరింథీయులు 11వ అధ్యాయంలో. ఆ సంఘంలో కలిగినవారు ముందుగా తినేసి, లేనివారిని ఆకలితో సిగ్గుపరుస్తున్నారు, గద్దింపు వారికి. అప్పుడు కూడా, "తన్ను తాను పరీక్షించుకొనవలెను; ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడే గాని, పరీక్షించుకొని మానుకొమ్మనలేదు. మత్తయి 5వ అధ్యాయంలో అర్పణను బలిపీఠం దగ్గర విడిచి వెళ్లి సమాధానపడమన్నది కూడా, నీ మీద నీ సహోదరునికి విరోధమున్నదని జ్ఞాపకం వచ్చినవానితో, అంటే తప్పు చేసినవానితో. మీ సంఘంలో ఎవరైనా బల్ల ఎదుట ఆగి ఆలోచించవలసి ఉంటే అది మీరు కారు. బల్ల ఇచ్చే ముందు సేవకుడు ప్రతిసారీ "ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి" అని చదువుతాడు. ఆయన రొట్టె విరిచినది అటువంటి రాత్రే. అప్పగించువాని చెయ్యి తనతో కూడ ఆ బల్ల మీద ఉన్నదని ఆయన చెప్పినట్టు లూకా రాశాడు. నమ్మినవారి చేత అప్పగింపబడినవారు దూరంగా ఉండవలసిన చోటు కాదు అది. వెళ్లి తీసుకోండి.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది కోనసీమ. నా భార్య ఎనిమిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి డబ్బు పంపింది. నేను ఆ డబ్బు తాగుడుకూ పేకాటకూ పెట్టాను, ఆమె బంగారం కుదువ పెట్టాను, మరొక స్త్రీతో ఉన్నాను. గత సంవత్సరం ఉజ్జీవ కూడికలలో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను, అందరి ఎదుట సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు నా భార్య వచ్చి పుట్టింట్లో ఉంది. పెద్దలను పంపినా రానంటోంది. దేవుడు క్షమించినవాణ్ణి ఆమె క్షమించకపోవడం పాపం కాదా?

జవాబు: తమ్ముడూ, మీరు తాగుడు మాని బాప్తిస్మం తీసుకున్నందుకు దేవునికి స్తోత్రం. అయితే మీ ఉత్తరంలో ఆమె పంపిన మొత్తం ఎంతో లేదు, బంగారం విడిపించారో లేదో లేదు. లూకా 19వ అధ్యాయంలో, ప్రభువును చూడడానికి చెట్టెక్కిన సుంకపు గుత్తదారుడు జక్కయ్య, చెట్టు దిగిన తరువాత, ఎవరూ అడగకముందే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తానన్నాడు. ఆ మాట తరువాతనే ప్రభువు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. దేవుడు మీ పాపాన్ని క్షమించాడన్నది ఆమె ఇంటి తలుపు తీయించే కోర్టు ఉత్తర్వు కాదు. ప్రవక్తయైన నాతాను దావీదుతో, యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు అన్న నోటితోనే, ఆ పాపపు ఫలితాలు ఆ ఇంటిని విడువవని కూడా చెప్పాడు.

ఎనిమిదేళ్లు పరాయివారి వంటింట్లో నిలబడి, ఫోనులో పిల్లల గొంతు మాత్రం విని, జీతం రాగానే మీ ఖాతాకు పంపిన మనిషి ఆమె. పెద్దలను పంపడం ఆపండి. వారు ఇప్పుడు మీ తరఫున ఆమెను వాక్యంతో కొడుతున్నారు. బ్యాంకు పాసుపుస్తకాలు, కుదువ రసీదులు, మిగిలిన కాగితాలు అన్నీ ఒక సంచిలో పెట్టి ఆమె చేతికి పంపండి. పనికి వెళ్లి, వచ్చినదానిలో సగానికి తగ్గకుండా నెలనెలా ఆమె పేరున వేయండి, బంగారం విడిపించి ఇవ్వండి. మీరు మరొకరితో ఉన్నారు గనుక రక్తపరీక్ష చేయించుకొని ఆ కాగితం కూడా ఆమెకు చూపించండి. అది అడగడానికి ఆమె సిగ్గుపడవచ్చు, మీరే ముందుకు రావాలి. ఇదంతా చేసినా ఆమె రాకపోవచ్చు. ఆమె మీ మీద పగ పెంచుకోకుండా దేవుడు ఆమెను కాపాడాలని ప్రార్థించండి. అయితే కాపురానికి తిరిగి రావడం వేరు. వ్యభిచారం విషయంలో ప్రభువు మత్తయి 19వ అధ్యాయంలో మోసపోయినవారికి ఒక మినహాయింపు ఇచ్చాడు గనుక, రాకపోవడాన్ని పాపమని అనడానికి మీకూ నాకూ అధికారం లేదు.

ప్రశ్న: మా అన్నయ్య నాన్నగారి పొలాన్ని నా సంతకం ఫోర్జరీ చేసి అమ్ముకున్నాడు. ఒక్కసారి కూడా తప్పు ఒప్పుకోలేదు. రెండేళ్ల క్రితం చనిపోయాడు. ఇప్పుడు మా వదిన, పిల్లల చదువుకు సాయం చేయమని కబురు పంపింది. అడగనివాణ్ణి, పైగా చనిపోయినవాణ్ణి ఎలా క్షమించాలి? ఆ పిల్లలకు నేను ఎందుకు పెట్టాలి?

జవాబు: లూకా 17వ అధ్యాయంలో, సహోదరుడు మారుమనస్సు పొందితే క్షమించు అని ఉంది. మార్కు 11వ అధ్యాయంలో, నిలబడి ప్రార్థన చేసేటప్పుడు ఒకనిమీద మీకు విరోధమేమైనా ఉంటే వానిని క్షమించమని ఉంది. అక్కడ అవతలివాడు వచ్చి అడిగిన మాట లేదు. మొదటిది ఇద్దరూ తిరిగి కలుసుకోవడం గురించి, రెండవది మీ హృదయం గురించి. మీ అన్నగారితో మొదటిది ఇక జరగదు. ఆ దుఃఖం మీకు మిగిలే ఉంటుంది, దానిని లేదనుకోకండి. రెండవది చేయవచ్చు. ఆయన లెక్క ఇప్పుడు న్యాయాధిపతి ఎదుట ఉంది, మీరు ఇక్కడ కూర్చొని మోయనవసరం లేదు.

పిల్లల సంగతికి వస్తే, తండ్రి దోషశిక్షను కుమారుడు భరించడని యెహెజ్కేలు 18వ అధ్యాయం చెబుతుంది. తనను చంపడానికి వెంటాడిన సౌలు మనుమడైన మెఫీబోషెతుకు దావీదు తాత భూములను తిరిగి ఇచ్చి, తన బల్ల దగ్గర భోజనం పెట్టాడు. అయితే అది సౌలు కోసం కాదు, మెఫీబోషెతు తండ్రియైన యోనాతానుతో ఉన్న స్నేహం కోసం. మీరు కూడా అన్నగారి కోసం పెట్టలేకపోతే మీ తండ్రిగారి కోసం పెట్టండి. ఆ పిల్లలు ఆయన మనుమలే. పొలం అమ్మిన సంగతి మీ వదినకు ముందే తెలుసునేమో అన్న అనుమానం మీ ఉత్తరంలో కనబడుతోంది. ఆ అనుమానం తీరేవరకు నగదు చేతికి ఇవ్వనవసరం లేదు. పిల్లలు చదివే పాఠశాల పేరు కనుక్కొని, ఫీజు నేరుగా అక్కడే కట్టి, రసీదు వదినకు పంపించండి.